ఆకాశపు అతుకు

జూన్ 8

తోకచుక్కకు,

నీ ఉత్తరం అందింది. ఇంత చదువు చదివి చివరికి తపాలా మీద బతుకుతోందేమిటని మీ అమ్మ గొణుగుతోంది. అక్కడ సెల్‌ఫోన్ మోగితే మీ రేడియో టెలిస్కోపుకు ఆకాశం వినపడదట కదా. ఇక్కడ మోగితే నాకు నిద్ర పట్టదు. ఈ ఒక్క విషయంలో మీ టెలిస్కోపూ నేనూ ఒకే పార్టీ.

ముందు ముఖ్యమైన సంగతి. హాల్లో సోఫా పైన గోడ ఖాళీ చేయించాను. మీ తాతయ్య సన్మానం ఫోటోను వంటింటి దారిలోకి మార్చాను. బతికుండగా వంటింటి వైపు ఎప్పుడూ తొంగిచూడని మనిషి, ఇప్పుడైనా చూస్తాడు. ఖాళీ అయిన చోట రెండు మేకులు కొట్టించాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు భూగోళం చెప్పినదాన్ని, నల్లబల్ల మీద నదులన్నీ పుస్తకం చూడకుండా గీసినదాన్ని. ఆకాశానికి పటం గీసేది నా మనవరాలైనప్పుడు ఆ పటం నా గోడ మీద, నా కళ్ళతో చూడాల్సిందే. మొదటి ప్రింటు నాకేనన్నావు. జూలైలోగా అన్నావు. రెండూ రాసి పెట్టుకోలేదు గానీ గుర్తు పెట్టుకున్నాను.

కళ్ళంటే గుర్తొచ్చింది. ఎండలోకి వెళ్ళేటప్పుడు పెట్టుకోమని డాక్టరు నల్లద్దాలు రాసిచ్చాడు. అవి పెట్టుకుని తల పక్కకు వంచితే ఫోను తెర నల్లబడిపోతోంది. తల ఎత్తితే మళ్ళీ మామూలే. పనికిమాలిన అద్దాలు అంటగట్టావని అద్దాల షాపతనితో పోట్లాటకు దిగాను. "అద్దాలు బాగానే ఉన్నాయి మామ్మగారూ, మీరు తల వంచకండి చాలు" అన్నాడు. "నాయనా, తల వంచదు తల వంచదు అని జన్మంతా నన్ను ఆడిపోసుకున్నారు. వంచొద్దన్న మొదటివాడివి నువ్వే" అని డబ్బులిచ్చి వచ్చేశాను. ఈ మాయ ఏమిటో చెప్పు.

కళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. ఎడమది రిటైరైంది. కుడిది కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. మామూలే.

నువ్వు పంపిన చిత్తు పటం భూతద్దం పెట్టి చూశాను. దువ్వెన పడని జుట్టులా ఉంది. అది సరే, మూలన సూచిక ఏదీ? ఏ గీత ఏమిటో, చూసేవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడో రాయని పటానికి తొమ్మిదో క్లాసులోనే మార్కులు కోసేదాన్ని. నీకూ కోశాను. ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను.

తల వంచని
అమ్మమ్మ


జూన్ 24

అమ్మమ్మా,

ఎర్ర సిరా అందింది. అది చిత్తు ప్రతి అని పైన రాశాను కదే! చిత్తుకు కూడా మార్కులు కోసే మాస్టర్లను నీ తర్వాత మా హెడ్డులోనే చూశాను.

ఎడమ కన్ను రిటైరైతే పెన్షన్‌కి అర్జీ పెట్టించు. కాంట్రాక్టు కన్నుకు జీతం పెంచు, లేకపోతే మానేస్తుంది.

నీ అద్దాల మాయ చెప్తాను విను, నా పని కూడా అదే. వెలుగు ఒక అల. అలకు ఊగే వాటం ఒకటి ఉంటుంది. నిలువుగానో, అడ్డంగానో, ఏటవాలుగానో ఊగుతుంది. నీ అద్దాలు ఒక్క వాటాన్నే లోపలికి రానిస్తాయి. ఫోను తెర నుంచి వచ్చే వెలుగుదీ ఒకటే వాటం. నువ్వు తల వంచగానే రెండింటికీ పొసగదు, తెర నల్లబడుతుంది. అంతే.

ఇప్పుడు పాలపుంత సంగతి. అందులో అంతటా బలహీనమైన అయస్కాంత క్షేత్రం పరుచుకుని ఉంది. కంటికి కనపడదు. కానీ దాంట్లో సుడులు తిరిగే ఎలక్ట్రాన్లు రేడియో అలల్ని విడుస్తాయి. ఆ అలలు ఏ వాటంగా ఊగుతున్నాయో కొలిస్తే, అక్కడ క్షేత్రం ఎటు సాగిందో తెలుస్తుంది. దారిలో అడ్డొచ్చే పలచటి వాయువు ఆ వాటాన్ని మెలి తిప్పేస్తుంది. ఎంత మెలి పడిందో లెక్కగట్టి, విప్పి, ఒక్కో చోటికి ఒక్కో చిన్న గీత గీస్తాను. నీకు జుట్టులా కనిపించినవి ఆ గీతలే.

ఇక అసలు బాధ. భూమ్మీద ఒక చోటు నుంచి ఆకాశం మొత్తం కనపడదు కదా. దక్షిణపు భాగం మాది, ఉత్తరపు భాగం ఇంకో జట్టుది. రెండూ అతకడానికి వీలుగా నడుమ ఒక పట్టీని ఇద్దరం కొలిచాం. ఆ పట్టీలో నా గీతలు ఇటు వాలితే వాళ్ళవి అటు వాలుతున్నాయి! "మీరు కోణం ఎలా కొలిచారు?" అని మొదటే అడిగాను. "మామూలుగానే" అన్నారు. మేమూ మామూలుగానే కొలిచాం. కాబట్టి మా డిష్ సర్దుబాటులో నేనే ఏదో తగలేశానని మా హెడ్డు తేల్చేశారు. మొత్తం మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నాను. జూలై కుదరదు. ఆగస్టు అనుకో.

నీ
తోకచుక్క

తా.క. అతుకు కుదరకపోతే మా సగాన్ని పక్కన పెట్టి వాళ్ళ సగమే అచ్చేస్తారట.


జూలై 15

తోకచుక్కకు,

ఇంట్లో వాళ్ళ వంకరలు చాలక ఆకాశం వంకరలు కొలవడానికి వెళ్ళావన్నమాట. బాగుంది.

నీ ఉత్తరం చదివాక మన హాలు తెరలు గుర్తొచ్చాయి. గళ్ళ గుడ్డ తెచ్చి మీ అమ్మ రెండు ముక్కలు కలిపి కుట్టించింది. నడుమ గళ్ళు కలవలేదు. దర్జీని అడిగితే "గుడ్డలోనే వంకరుందమ్మా" అన్నాడు. బట్టల కొట్టాయన "కుట్టడం చేతకాక మా గుడ్డను అంటున్నాడు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నారని ఒకరినొకరు అనుకున్నారు. ఇద్దరూ పెద్దమనుషులే. తెర మాత్రం ఇవాళ్టికీ వంకరే. దాని వంక చూసినప్పుడల్లా మీ అమ్మకు తలనొప్పి. నాకు ఈ మధ్య ఆ బాధ లేదు. గళ్ళున్నాయో లేదో కూడా తెలియట్లేదు.

అంత పెద్ద చదువులు చదివినవాళ్ళు "మామూలుగానే" అని ఒక్క మాట అనుకుని ఇంటికి వెళ్ళిపోయారా? మామూలుగా అంటే ఎలా అని అడగడానికి నోరు రాలేదా? క్లాసులో "అర్థమైందా?" అంటే "అయింది టీచర్" అనే పిల్లలందరూ మీ దగ్గరే చేరినట్టున్నారు.

ఇక నా సంగతులు. పొద్దున ఒక రకం, మధ్యాహ్నం ఒక రకం, పడుకోబోయే ముందు ఇంకో రకం మందు. నువ్వు ఆకాశంలో చుక్కలు చూస్తున్నావు, నేను కంట్లో చుక్కలు వేసుకుంటున్నాను. మొత్తానికి ఇంట్లో ఇద్దరం చుక్కల మీదే బతుకుతున్నాం. ఆపరేషన్ చేస్తే ఏమైనా లాభమా అని మీ అమ్మ అడిగింది. పోయింది రాదు, ఉన్నది నిలిస్తే చాలన్నాడు డాక్టరు. సంసారాల గురించి కూడా అదే మాట చెప్పొచ్చు.

మీ హెడ్డు ఆడా మగా? వయసెంత? పిల్లలున్నారా? కవరు వెనక మీ ఆఫీసు చిరునామా ఉందిలే. ఊరికే అడిగాను.

మేకులు అలాగే ఉన్నాయి. ఆగస్టన్నావు.

అమ్మమ్మ


ఆగస్టు 12

అమ్మమ్మా,

నువ్వు మా హెడ్డుకు ఉత్తరం రాశావా?

అడగడం కాదు, రాశావని నాకు తెలుసు. ఇవాళ క్యాంటీన్‌లో అందరి ముందూ చదివి వినిపించారు. "అయ్యా, నా మనవరాలి పటం కోసం నా ఇంట్లో ఒక గోడ కాచుకుని ఉంది. తమరు ఆలస్యం చేసే కొద్దీ ఆకాశానికి వచ్చే నష్టం లేదు గానీ నాకు ఉంది. కళ్ళుండగా చూసుకోవాలని ఆశ." కంప్యూటర్ల గదిలో వాళ్ళు, డిష్‌కు గ్రీజు పెట్టేవాళ్ళు, గేటు దగ్గరి గార్డు, అందరూ విన్నారు. ఇప్పుడు మా పటానికి ఇక్కడ పేరేమిటో తెలుసా? గోడపటం. "గోడపటం ఎంతవరకు వచ్చింది?" "గోడ కాచుకుని ఉందట, త్వరగా కానివ్వండి!" తలుపు తీస్తే ఇదే.

మూడేళ్ళ నుంచి ఇక్కడ నన్నొక మనిషిగా గుర్తించాలని కొట్టుకుంటున్నాను. డిష్ దగ్గరికి స్కూటర్ పోనివ్వరు, దాని ప్లగ్గు నిప్పురవ్వ కూడా ఆకాశానికి అడ్డమే. ఎండలో నడిచే వెళ్తాను. కేబుళ్ళన్నీ విప్పి మళ్ళీ బిగించాను. సర్దుబాటు లెక్క రెండోసారి చేశాను. అదే జవాబు. మూడోసారి చేశాను. అదే. "సరిగ్గా చేసి ఉంటే అతికేది కదమ్మా" అంటారు మా హెడ్డు. పైగా ఇప్పుడు మా అమ్మమ్మ సిఫార్సు ఉత్తరం ఒకటి!

అసలు "కళ్ళుండగా" ఏమిటి? అలాంటి నాటకం డైలాగులు మన ఇంట్లో ఎవరికీ అలవాటు లేదే!

ఇంకోటి. ఈ మధ్య ఉత్తరాలు ఇంతింత అక్షరాలతో ఎందుకు రాస్తున్నావు? పేజీకి నాలుగు లైన్లు! చదువుతుంటే చెవిలో అరుస్తున్నట్టుంది. కోపం ఉంటే చిన్న అక్షరాలతో తిట్టు, నాకు అర్థమవుతుంది.

ఈ పని తేలేదాకా నేను రాయను. నువ్వూ ఎవరికీ రాయకు. నాకు తప్ప ఎవరికీ.

తోకచుక్క


ఆగస్టు 27

తోకచుక్కకు,

రాయనంటూనే రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

మీ హెడ్డు ఒకరికి వచ్చిన ఉత్తరాన్ని నలుగురిలో చదివే రకమని నాకు తెలియదు. తెలిస్తే ఇంకా బాగా రాసేదాన్ని.

నీ పరువు తీద్దామని కాదు. తొందరపెడదామని. తప్పే. ఎవరి పనిలోనైనా మూడో మనిషి వేలు పెడితే నేను ఊరుకున్నదాన్ని కాదు. నీ విషయంలో నేనే ఆ మూడో మనిషినయ్యాను.

నాటకం ఆడలేదు. అరవనూ లేదు. చిన్న అక్షరాలు రాయడం ఇప్పుడు కుదరట్లేదు. అంతే.

ఖాళీగా ఉన్నాయి కదా అని మీ అమ్మ ఒక మేకుకు గొడుగు తగిలించింది. తియ్యమన్నాను. "అది వచ్చినప్పుడు తీస్తాలే" అంది. అది అంటే పటమో నువ్వో అడగలేదు.

అమ్మమ్మ


అక్టోబరు 3

అమ్మమ్మా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. మొదట ఆకాశం సంగతి చెప్తాను. అది తేలిక.

తప్పు దొరికింది. నాది కాదు. వాళ్ళదీ కాదు. అదే నా ఒళ్ళు మండిస్తోంది.

ఎప్పుడో పేలిపోయిన నక్షత్రం ఒకటుంది. దాని నుంచి వచ్చే అలల వాటం ఎంతో మా రంగంలో అందరికీ తెలుసు, తూకంరాయి లాంటిది. దాన్ని మీరు కొలిస్తే ఎంత వచ్చిందో అంకె ఒక్కటీ పంపండని అవతలి జట్టుకు రాశాను. పంపారు. అంకె సరిగ్గా నాదే, ముందున్న గుర్తు మాత్రం తలకిందులు. అప్పుడు అర్థమైంది. అమ్మ మేకుకు తగిలించిన గొడుగు తీసి తెరువు. లోపల నిలబడి చూస్తే ఒక గీత కుడికి వాలి ఉందనుకో. అదే గీతను గొడుగు బయటి నుంచి చూస్తే ఎడమకు వాలుతుంది. మేం ఆకాశాన్ని గొడుగు కింద నిలబడ్డట్టు కొలిచాం. వాళ్ళు గొడుగు పైనుంచి చూస్తున్నట్టు కొలిచారు. మా రంగంలో ఇది మామూలు. వాళ్ళు వచ్చిన రంగంలో అది మామూలు. పట్టీలో అలలు మరీ నీరసంగా ఉండడంతో అది అద్దంలో బొమ్మలా తిరగబడిందని పైకి కనపడలేదు. ఒక్క గుర్తు మార్చాను. అతికింది! అతుకు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేనంత చక్కగా అతికింది.

మా హెడ్డుకు చూపించాను. "ఓ, అంతేనా? చిన్న విషయమే" అన్నారు. నాలుగు నెలలమ్మమ్మా! సారీ అన్న మాట లేదు. మొహాన కొట్టినట్టు ఏదో ఒకటి అందామనుకున్నాను, నీ మాటలు ఒక్కటీ సమయానికి రాలేదు.

ఈ కబురు చెబుదామని నిన్న గార్డు గదిలోని ఫోను నుంచి ఇంటికి చేశాను. నువ్వు ఆసుపత్రికి వెళ్ళావంది అమ్మ. ఎందుకని అంటే నీళ్ళు నమిలింది. గట్టిగా అడిగితే చెప్పింది. ఎడమ కన్ను అసలు కనపడదట కదా. కుడి కంట్లో కూడా చుట్టూ చీకటి కమ్మి నడుమ చిన్న గుండ్రం మాత్రమే మిగిలిందట కదా. అది కూడా ఎన్నాళ్ళుంటుందో డాక్టరు చెప్పలేదట కదా. నాతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావట!

ఎందుకు చెప్పలేదు అమ్మమ్మా? నేనేమైనా పరాయిదాన్నా? అక్షరాలు పెద్దవయ్యాయని నేను నిన్ను తిట్టాను. ఆ ఉత్తరం చింపేయ్.

నేను వచ్చేస్తాను. పటం వాళ్ళే అచ్చు వేసుకుంటారు.

తోకచుక్క


అక్టోబరు 17

తోకచుక్కకు,

ఎందుకు చెప్పలేదంటావా? ఎడమది రిటైరైందని జూన్‌లోనే రాశాను. అర్జీ పెట్టుకోమన్నావు. తెర మీద గళ్ళు కనపడట్లేదని జూలైలో రాశాను. దానికి జవాబే లేదు. కళ్ళుండగా చూసుకోవాలని మీ హెడ్డుకు రాస్తే నాటకమన్నావు. ఇంతకంటే ఎలా చెప్పాలి? డప్పు వేయించాలా?

అయినా ఆలోచిస్తే నీ తప్పూ లేదు. ఎప్పుడూ వెటకారంగా మాట్లాడే మనిషి నిజం చెప్పినా వెటకారంలాగే వినపడుతుంది. నేను నా గొడుగు పైనుంచి చెప్పాను, నువ్వు నీ గొడుగు కింద నుంచి విన్నావు. చూశావా, నాకు అర్థమైంది. ఈ వయసులో కూడా పాఠం చెబితే వింటాను, మీ హెడ్డులాగా కాదు.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టింది కనక మీ అమ్మతో రెండు రోజులుగా మాట్లాడట్లేదు. ఇద్దరికీ హాయిగా ఉంది.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా విను. పని మధ్యలో వదిలేసి వచ్చావంటే గుమ్మంలోనే నిలబెడతాను. నాలుగు నెలలు తిట్లు తిన్నది నువ్వు. అచ్చు ఇంకొకరు వేస్తే కింద పేరు ఎవరిది పడుతుందో తెలియనంత అమాయకురాలివా? దగ్గరుండి వేయించు. నాకు కావలసింది నువ్వు నా మంచం పక్కన కూర్చుని ఏడవడం కాదు, పటం. ఇంకా ఆ గుండ్రం ఉంది. మరీ ఆలస్యం చేయకు.

మూలన సూచిక వేయించు. లోపలి నుంచి చూసినట్టు గీశారని అందులో స్పష్టంగా రాయించు. లేకపోతే మళ్ళీ మార్కులు కోస్తాను.

అమ్మమ్మ

తా.క. మీ హెడ్డును ఏమనాలో తోచలేదన్నావు. "చిన్న విషయమైతే మీకే కనపడాల్సింది కదండీ" అనాల్సింది. ఈసారికి వాడుకో.


నవంబరు 9

అమ్మమ్మా,

పటం వేరే గొట్టంలో పెట్టి పంపాను, దీనితో పాటే చేరాలి. ఇదే మొదటి ప్రింటు. హెడ్డుకు రెండోది ఇచ్చాను. నువ్వు చెప్పిన మాట కూడా అన్నాను. క్యాంటీన్‌లోనే అన్నాను, అందరి ముందూ. ఆయన టీ కప్పు కింద పెట్టారు. తర్వాత "అది మీ అమ్మమ్మగారి మాటేనా?" అని అడిగారు. అవునన్నాను.

సూచిక వేయించాను. కింద పేర్లలో నాది మొదటిది.

సెలవు దొరికింది. నెలాఖరుకు వస్తాను. ఈసారి వద్దన్నా వస్తాను.

నీ
తోకచుక్క


నవంబరు 23

తోకచుక్కకు,

పటం వచ్చింది. మీ అమ్మ గొడుగు తీసింది. తగిలించాం. కొంచెం ఎడమకు వాలిందని ఆవిడ, లేదని నేను. ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారో ముందు తేల్చుకుందామన్నాను. నవ్వింది. మాటలు మొదలయ్యాయి, హాయి పోయింది.

దూరం నుంచి చూస్తే గోడ మీద ఏదో మసక. అందుకని సోఫా జరిపించి కుర్చీ వేయించుకున్నాను. భూతద్దం పెట్టి, ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరగా చూస్తే రూపాయి బిళ్ళంత ఆకాశం కనపడుతోంది. బిళ్ళ తర్వాత బిళ్ళ. కింద నుంచి మొదలుపెట్టాను, నీ సగం కదా. పొద్దున కాసేపు, కాఫీ తాగాక కాసేపు. నువ్వు మూడేళ్ళు గీసినదాన్ని మూడు నిమిషాల్లో చూసేవాళ్ళు ఉంటారేమో, నేను మాత్రం అలా చూడలేను. నా కన్ను ఒప్పుకోదు. గీతలన్నీ ఒకే దిక్కుకు సాగి సాగి, ఒకచోట ఉన్నట్టుండి మెలి తిరిగి పైకి లేచాయి, పడవ ముందు నీళ్ళు లేచినట్టు. అక్కడ రెండు రోజులు ఆగిపోయాను. అదేమిటో వచ్చాక చెప్పు.

నిన్నటికి నడుమ పట్టీ చేరాను. దర్జీ పని పరీక్ష చేసినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా అతుకు కోసం వెతికాను. కనపడలేదు. అది నీ పనితనమో, నా కన్నో తేల్చుకోలేకపోయాను. మార్కులు నీకే వేశాను.

ఇంకా పై సగం ఉంది. కాంట్రాక్టు కన్ను ఆ పని పూర్తి చేసే దాకా మానెయ్యనని మాటిచ్చింది. దాని మాట నమ్మలేం గానీ, నెలాఖరులోగా నేను ఆపేస్తే మిగతాది నువ్వు పక్కన నిలబడి చదివి వినిపించాలి. ఏ గీత ఎటు వాలిందో చెబితే చాలు. దేశాలన్నీ పిల్లల కళ్ళకు కట్టించినదాన్ని, ఆకాశాన్ని నేను కట్టుకోలేనా?

సెలవు దొరికిందన్నావు. వద్దనను. రా.

ఈలోగా ఉత్తరం రాస్తే పెద్ద అక్షరాలతో రాయి. అరుస్తున్నావనుకోను.

అమ్మమ్మ